ద్రాక్షతోట నాటకంలో లేని మాట

పోయిన ఎండాకాలం మాధవి అనే అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఫ్రెంచి నాటకాలు ఏవేవి తెలుగులోకి వచ్చాయి, ఆంధ్ర, తెలంగాణల బయట వాటిని ఎవరెవరు ఎక్కడ ఆడారు అని ఊరూరూ తిరిగి సమాచారం పోగుచేసి పుస్తకం రాస్తోంది. అందులో రాయచూరుకు రెండు పేజీలు దక్కాయి. ఆ రెండు పేజీలూ నా గురించే. టైపు చేసిన కాగితాలు నా చేతిలో పెట్టి, తప్పులుంటే దిద్దమంది. చదివాను. పరాయి దేశపు పాత్రలకు మన ప్రాంతపు పేర్లు పెట్టి, ఫ్రాన్సు పల్లెను కృష్ణ ఒడ్డుకు తెచ్చి నిలబెట్టానని నన్ను మెచ్చుకుంది. రుజువుగా నా రాతప్రతి ఫొటోలు ఫోనులో చూపించింది. జవళగేరలో, మా నాటకాలు ఆడించిన సత్యనారాయణగారి పెట్టెలో దొరికిందట. చేతిరాత నాదే. ఏడో తరగతితో బడి ఆగిపోయిన నాకు ఒక పుస్తకంలో రెండు పేజీలు దక్కడం చిన్న సంగతి కాదు, ఆ సంతోషం దాచుకోను. కాని ఆ మెప్పు అబద్ధం మీద నిలబడింది. ఆ అబద్ధం నేను చేసింది. మేము ఆడిన నాటకంలో పేర్లన్నీ ఫ్రెంచి పేర్లే. ఆ ఫొటోల్లోని రాతప్రతి మేము నాటకం ఆడకముందు రాసింది కాదు, ఆడిన తరువాత రాసింది. ఎందుకు రాశానో చెప్పకపోతే నాటక చరిత్రలో ఒక తప్పు మిగలడమే కాదు, సవారమ్మ అనే ఆమెకు నేను చేసిన అన్యాయం నాకు కీర్తిగా మిగిలిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాయిన అర్జీలు రాసేవాడు. సర్కారు కచేరీ ఎదుట గోడవారన చిన్న చెక్క డెస్కు, దాని ముందు ఒక గోనెపట్టా, అదే ఆయన దుకాణం. నిజాం కాలంలో ఉర్దూ నేర్చుకున్నాడు, కన్నడం తరువాత వచ్చింది, తెలుగు ఇంట్లోది. మూడింటిలోనూ చేతిరాత ముత్యాల్లా ఉండేది. రాసే ముందు మోచేతి దాకా చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించి కూర్చునేవాడు. సాయంత్రం ఇంట్లో అడుగుపెడితే ముందు సిరా వాసన, దాని వెనక జర్దా వాసన వచ్చేవి. అమ్మ అప్పటికి జొన్నపిండి కలిపి ఉంచేది. రొట్టెను పీటమీద చరిచే చప్పుడు, పక్కన పుండికూర ఉడికే పులుపు వాసన, మంచం మీద నాయిన ఆ రోజు రాసిన అర్జీలను మళ్ళీ నోటితో చెప్పుకోవడం, ఇవన్నీ కలిసి ఒకే శబ్దంగా నాకు గుర్తున్నాయి. ఆయన గొంతు అలాంటిది. వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాల్లో రాజు వేషాలు వేసినవాడు. చదువు రానివాళ్ళు ఎంతో దూరం నుంచి ఆయన దగ్గరికే రావడానికి కారణం రాత కాదు, ఆ గొంతు. కన్నడంలో రాసిన కాగితాన్ని వాళ్ళకు తెలుగులో చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి, అప్పుడే వేలిముద్ర వేయించేవాడు. "రాసుడు ఎవడైన రాస్తడు. ఇనిపించుడే మన పని" అనేవాడు గర్వంగా.

ఆ రోజుల్లో కృష్ణ ఒడ్డున కరెంటు తయారుచేసే థర్మల్ లేచింది. భూములు పోయిన కుటుంబానికి ఒక కొలువు ఇస్తారని తెలిసి, నాయిన డెస్కు ముందు పొద్దున్నించీ జనం. ఎప్పుడూ లేనంత పని. మబ్బు లేని రోజున మా మిద్దె మీదికెక్కి చూస్తే పొగగొట్టం కనిపించేది. ఊళ్ళో మాకు మాత్రం కరెంటు పోతూనే ఉండేది.

నేను అప్పుడు ఒక టైలరు దుకాణంలో కాజాలు కుట్టేవాణ్ణి. పని అయ్యాక లైబ్రరీకి పోయేవాణ్ణి. తెలుగు అరలు అయిపోయాయి, కన్నడం అరలు అయిపోయాయి, ఇక మిగిలింది ఇంగ్లీషు. నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మాట కాపీ పుస్తకంలో రాసుకుంటూ మూడేళ్ళలో ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. లైబ్రేరియను నరసింగరావుగారు నా పిచ్చి చూసి, చినిగిపోయి మూలన పడేసిన పుస్తకాలు ఇంటికి పట్టుకుపోనిచ్చేవారు. వాటిలో ఒకటి ఈ నాటకం. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మొదటి పేజీలు లేవు. రాసినాయన పేరు నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు, మాధవికీ దొరకలేదు.

కథ చిన్నది. ఫ్రాన్సులో ఒక పల్లె. రైలు మార్గం ఆ ఊరిగుండా పోవాలంటే మదామ్ క్లెర్ అనే విధవరాలి ద్రాక్షతోట కావాలి. ఆమెకు చదువు రాదు. ఊరి పెద్దలు బడిపంతులి చేత ఒక కాగితం రాయిస్తారు. తోట వదులుకుంటున్నానని అందులో ఉంటుంది. పంతులు మాత్రం తోట ఆమెదేనని రాసినట్టుగా చదివి వినిపిస్తాడు. ఆమె అతని మాట నమ్మి గుర్తు పెడుతుంది. రైలు వస్తుంది, ఊరు బాగుపడుతుంది, ఆమె రోడ్డున పడుతుంది. చివరికి పంతులు ఊరందరి ముందు నిలబడి తాను చేసింది ఒప్పుకుంటాడు. అక్కడితో తెర పడుతుంది. 'ద్రాక్షతోట' అని పేరు పెట్టి తెలుగు చేశాను. రోజూ రాసినంత మేరకు అమ్మకు చదివి వినిపించేవాణ్ణి. ఆమె రొట్టెలు చేస్తూ వినేది. నాయిన మంచం మీద కళ్ళు మూసుకుని ఉండేవాడు, వింటున్నాడో లేదో తెలిసేది కాదు.

పంతులు కాగితం చదివే రంగం వినిపించిన రోజు ఆయన లేచి కూర్చున్నాడు.

"ఇది నీకు ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు నాయినా? బుక్కుల ఉన్నది."

"ఏ బుక్కు? తే."

తెచ్చాను. దీపం దగ్గరికి జరిగాడు. "ఏడున్నది? పంతులు ఒకటి రాసి ఒకటి సదివింది ఏడున్నదో చూపెట్టు."

వేలు పెట్టి చూపించాను. ఇంగ్లీషు అక్షరాలను చాలాసేపు చూశాడు. ఆయనకు ఒక్క అక్షరం రాదు.

"నిజంగ గిట్లనే ఉన్నదా? నువ్వు కలిపి సదువుతలేవు కద?"

"నీ మీద ఒట్టు నాయినా. ఉన్నదే సదివిన."

అమ్మ పొయ్యి దగ్గరినుంచి నవ్వింది. "ఏందయ్యా, ఇంగ్లీషొచ్చినోని లెక్క గంతగనం సూస్తున్నవ్? రొట్టె సల్లారిపాయె, రా."

ఆయన ఆ పూట సరిగా తినలేదు. మూడు భాషలు వచ్చినా ఇది రాలేదనే బాధ అనుకున్నాను. నాకు వచ్చింది, ఆయనకు రాలేదు అని లోపల కొంచెం పొంగిపోయాను కూడా.

థర్మల్ కాలనీలో తెలుగువాళ్ళు చాలామంది ఉండేవారు. వాళ్ళు ప్రతి చలికాలం ఒక ఆదివారం సాయంత్రం నాటకం పెట్టుకునేవారు. ఆడించేది జవళగేర దగ్గర క్యాంపులో వ్యవసాయం చేసే సత్యనారాయణగారు. కోస్తానుంచి వచ్చి కాలవ కింద వరి పండించేవారు, నాటకమంటే ప్రాణం. నా రాతప్రతి చదివి ఎగిరి గంతేశారు. కాని హార్మోనియం ఉండాలన్నారు.

"ఫ్రాన్సుల హార్మోనియం ఉండదు సార్" అన్నాను.

"ఫ్రాన్సువాళ్ళొచ్చి చూస్తారేంటయ్యా! హార్మోనియం లేకపోతే మనవాళ్ళు సగంలో లేచి ఇంటికి పోతారు, నీ ఫ్రాన్సు నువ్వూ నేనూ చూసుకోవాలి."

హార్మోనియం వాయించే సిరాజ్ సాబ్ కూడా ఆయన పక్షమే. "నీ ఫ్రాన్సుల ఎవరన్న చస్తే ఏడ్వరా మియా? ఏడిస్తే శ్రుతి కావాలె" అన్నాడు. సరే అన్నాను. ఇంకొక్కటి మాత్రం పట్టుబట్టాను. మావైపు నాటకాల్లో పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అని కేక పెడతారు. నటుడు అప్పటిదాకా చచ్చిపడి ఉన్నా సరే లేచి మళ్ళీ పాడాలి. పాడకపోతే పొగరు అనుకుంటారు. ఇది వచన నాటకం, దీనిలో అది కుదరదు అని అందరికీ చెప్పాను. చెప్పాల్సింది జనానికి అన్న సంగతి నాకు తోచలేదు.

పంతులు వేషం సత్యనారాయణగారిదే. నాలుగు రోజుల ముందు ఆయన మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. "కాలవకి నీళ్ళొదిలారు బాబూ. నాట్లు పడకపోతే ఏడాది పంట పోద్ది. ఆదివారానికి ఎలాగో వస్తాను గాని, రిహార్సల్‌కి రాలేను. పంతులు వేషానికి నాన్నగారే దిక్కు." నాయిన వైపు తిరిగి, "అయ్యగారూ, మాటలన్నీ మీరు వింటూనే ఉన్నారటగా" అన్నారు.

"నాతోని కాదు" అన్నాడు నాయిన.

నేను వదల్లేదు. రెండు రోజులు వెంటపడ్డాను. ఏడో తరగతి చదివిన కాజాల కుర్రాడు ఫ్రెంచి నాటకం ఆడించాడని ఊరు అనుకోవాలి, నాకు అదే ముఖ్యం. చివరికి ఆయన అన్నాడు: "అరేయ్, నేను గా వేషం ఏస్తే నీకే నష్టమైతది."

"నువ్వు మాటలు మరుస్తవని భయపడుతున్నవ్. నేను తెర ఎనుక ఉండి అందిస్త."

"మరుస్తనని కాదు" అన్నాడు. ఆ మాటను నేను పట్టించుకోలేదు.

ఆ ఆదివారం కాలనీ మైదానంలో ఇంకా వెలుతురు ఉండగానే నాటకం మొదలైంది. నేను కుట్టిన పొడుగు కోటు వేసుకుని నాయిన నిలబడితే నిజంగా ఎక్కడి మనిషో అనిపించాడు. కర్నూలు నుంచి వచ్చిన కమలమ్మగారు మదామ్ క్లెర్ వేషం వేశారు. జనం కదలకుండా చూశారు. చివరి రంగంలో పంతులు ముందుకు వచ్చి, "నేను ఒకటి రాశాను, ఆమెకు మరొకటి చదివాను. మదామ్ క్లెర్ నా ముఖం చూసి గుర్తు పెట్టింది" అన్నాడు. ఆ గొంతు మైదానం చివరిదాకా పోయింది. తెర లాగబోతుంటే ముందు వరుసలోనుంచి ఒకడు లేచి కేక పెట్టాడు: "వన్స్‌మోర్!" ఈలలు. ఇంకా గొంతులు కలిశాయి. నేను తెర వెనకనుంచి వద్దు వద్దని చేతులు ఊపాను. సిరాజ్ సాబ్ చేతులు అలవాటుకొద్దీ హార్మోనియం మీద శ్రుతి పట్టేశాయి. నాయిన నా వైపు ఒకసారి చూశాడు. తరువాత రెండడుగులు వెనక్కి వేసి, పద్యం మళ్ళీ ఎత్తుకునేవాళ్ళు నిలబడేచోట నిలబడి, మొదలుపెట్టాడు.

"నేను ఒకటి రాసిన, ఒకటి సదివిన. సవారమ్మ పేరుతోని, నా మొగని భూమికి వచ్చే కొలువు మా మరిది తిమ్మప్ప కొడుక్కు ఇయ్యుండ్రి అని కాగితంల రాసిన. సవారమ్మకేమో, నీ కొలువు నీకే ఇయ్యమని రాసిన అని సదివిన. ఆమె కాగితం దిక్కు సూడలే, నా ముఖం దిక్కు సూసి వేలు పెట్టింది. నేను పంతుల్ని కాను. కచేరీ ముందట అర్జీలు రాసేటోణ్ణి."

జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. మొదటిసారికంటే బాగుందన్నారు. అప్పటికప్పుడు మన మాటల్లో మార్చి చెప్పాడని మురిసిపోయారు. మళ్ళీ వన్స్‌మోర్ అన్నారు. మూడో వరుసలో ఒక్కడు మాత్రం లేచి కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయాడు. అతను తిమ్మప్ప కొడుకు. థర్మల్‌లో కొలువు చేస్తున్నాడు.

ఇంటికి వస్తుంటే బస్సులో నాయిన అంతా చెప్పాడు. సవారమ్మ మొగుడు పోయాడు, మగపిల్లలు లేరు. ఆడమనిషి ఫ్యాక్టరీలో ఏం చేస్తుంది, కొలువు ఇంట్లోనే ఉంటుంది, ఆమెకు కడుపునిండా మేం పెడతాం అని తిమ్మప్ప, ఊరి పెద్దలు చెప్పారు. నాయిన నమ్మాడు, లేదా నమ్మినట్టు తనకు తాను చెప్పుకున్నాడు. కొలువు వచ్చిన ఆరు నెలలకే ఆమెను ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. కూతుర్ని తీసుకుని మట్మారిలో అన్న ఇంటికి పోయి కూలి చేసుకుంటోంది. "తిమ్మప్ప మనింటికి జొన్నల బస్తా పంపిండు. అవే తిన్నం" అన్నాడు నాయిన. నాకు ఆ ఏటి రొట్టెలు గుర్తొచ్చాయి. కొత్త జొన్నలు, తెల్లగా పొంగేవి.

మాట మట్మారి దాకా పోవడానికి వారం పట్టలేదు. రాసినోడే వెయ్యిమంది ముందు ఒప్పుకున్నాడని సవారమ్మ అన్న ఫిర్యాదు పెట్టాడు. కొలువుల దరఖాస్తులు చూసే అధికారి నాయిననూ నన్నూ రమ్మన్నాడు, నాటకం రాతప్రతి తీసుకురమ్మన్నాడు. అమ్మ రొట్టెలు చేయడం మానేసి పొయ్యి ముందు కూర్చుంది. "జైల్ల ఏస్తరంట. ఈ వయసుల ఆయన ఆడ బతుకుతడా? నీకు గంత సదువొచ్చు, ఏమన్న చెయ్యి బిడ్డా" అంది.

నాకు చదువు వచ్చు. అందుకే చేశాను. మూడు రోజులు టైలరు దుకాణం వెనక గదిలో కూర్చుని నాటకమంతా కొత్త పుస్తకంలో మళ్ళీ రాశాను. ఫ్రాన్సు పల్లెను కృష్ణ ఒడ్డు ఊరు చేశాను. ద్రాక్షతోటను జొన్నచేను చేశాను. మదామ్ క్లెర్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సవారమ్మను చేశాను. పంతులు చివరి మాటల్లో నాయిన చెప్పిందంతా, అర్జీలు రాసేటోణ్ణి అన్న మాటతో సహా, పెట్టాను. పాత పుస్తకం పొయ్యిలో వేశాను. తోటి నటులకు చెబితే నాయిన మీద గౌరవంతో సరేనన్నారు. సత్యనారాయణగారు ఒక్కరే, "ఇది మంచిపని కాదు బాబూ. పెద్దాయన కాబట్టి నోరు మూసుకుంటాను" అన్నారు.

విచారణ గదిలో అధికారి కన్నడంలో అడిగాడు, నాయిన కన్నడంలోనే జవాబు చెప్పాడు. నిజమే, నేనే చేశాను, ఆమె కొలువు ఆమెకు ఇప్పించండి అన్నాడు. గోడవారన సవారమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అధికారి నా వైపు తిరిగాడు. పుస్తకం ఇచ్చాను. ఇవి నాటకంలోని మాటలేనండీ, పరాయి నాటకాలను తెచ్చుకునేటప్పుడు మన పేర్లు పెట్టుకోవడం మామూలే, సవారమ్మ మావైపు ఇంటికొక పేరు, నాయినకు పెద్దతనం వల్ల నాటకమూ నిజమూ కలిసిపోతున్నాయి అన్నాను. లైబ్రరీలో చదివిన నాలుగు సంగతులు కూడా చెప్పాను. అధికారికి తెలుగు చదవడం రాదు. నన్నే చదివి చెప్పమన్నాడు. చదివాను. ఆయన నవ్వి, ముసలాయన మంచి నటుడు అని ఫైలు మూసేశాడు.

నాయిన నా ముఖం వైపు చూశాడు. "బాగ సదివినవ్ బిడ్డా" అన్నాడు.

బయట మెట్ల దగ్గర సవారమ్మ నన్ను ఆపింది. కోపంగా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. "తమ్మీ, మాది కృష్ణ దాటని బతుకు. నా పేరు గా దేశపోళ్ళకు ఎట్ల తెలిసింది?"

నేను మెట్లు దిగిపోయాను. మాతో వచ్చిన సత్యనారాయణగారు నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, "నీ దగ్గరుంటే ఇది కూడా పొయ్యిలో వేస్తావు" అని తీసుకుపోయారు. నాయిన మర్నాటి నుంచి కచేరీకి పోలేదు. ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఎవరికీ ఏదీ చదివి వినిపించలేదు. పేపరు కూడా నోటితో చదివేవాడు కాదు. నేను ఏదైనా చదివి వినిపించబోతే లేచి బయటికి పోయేవాడు.

ఇప్పుడు కచేరీ ఎదుట డెస్కులు లేవు. ఆ గోడవారనే కంప్యూటరు దుకాణాలు ఉన్నాయి. మట్మారినుంచి, సిరవారనుంచి వచ్చినవాళ్ళు అక్కడ చిన్న మిషను మీద వేలు పెడతారు, అది ఎర్రగా వెలుగుతుంది, అయిపోయింది పొమ్మంటారు. దేనికి వేలు పెట్టారో వాళ్ళకు చదివి వినిపించే తీరిక ఎవరికీ లేదు. పాత రోజులు మంచివని రాద్దామని చేయి పోతుంది, ఆపుకుంటాను. వినిపించిన రోజుల్లో జరిగింది ఇదే కదా. పుస్తకాలు మనిషిని మారుస్తాయని నేను నలభై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. నాయినకు రాత వచ్చు కాబట్టి సవారమ్మను మోసం చేయగలిగాడు, నాకు ఇంకొంచెం ఎక్కువ వచ్చు కాబట్టి అంతకంటే బాగా చేయగలిగాను. ఆయన ఒప్పుకోవడానికి ఒక నాటకం చాలింది. నాకు ఒక పరిశోధకురాలు ఇంటికి రావలసి వచ్చింది. అప్పటి రాయచూరు వైపు చూసినప్పుడల్లా ఆ మైదానంలో చప్పట్లే వినిపిస్తాయి. అంత జనంలో ఒక్కరైనా ఇది నిజమేమో అనుకుని ఉంటే అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. జనానికి తెలియదు. తెలిసి, తెర వెనకనుంచి దాన్ని అబద్ధం చేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

తప్పు దిద్దమని అడిగిన మాధవికి మొదటి కృతజ్ఞత. ఆ రెండు పేజీలు కొట్టేసి, ఇది వేస్తానంది. పుస్తకం పొయ్యిలో పడకుండా కాపాడిన సత్యనారాయణగారికి, ఆ పెట్టె తెరిచి చూపిన వారి అబ్బాయి శ్రీనివాసుకు, చినిగిన పుస్తకాలు నా చేతికిచ్చిన నరసింగరావుగారికి, ఆ సాయంత్రం శ్రుతి పట్టిన సిరాజ్ సాబ్‌కు, మదామ్ క్లెర్‌గా ఏడ్చి మమ్మల్నీ ఏడిపించిన కమలమ్మగారికి, మా అమ్మ లక్ష్మమ్మకు, మా నాయిన రామచంద్రప్పకు నమస్కారాలు. సవారమ్మ పోయి చాలాకాలమైంది. ఇది అచ్చుకు ఇచ్చే ముందు మట్మారికి పోయి ఆమె కూతుర్ని కలిశాను. ఇప్పుడామె కూడా పెద్దదైంది, తల పూర్తిగా నెరిసింది. అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది, మొత్తం వింది, రెండుచోట్ల నేను రాసింది తప్పని దిద్దింది కూడా. లేచి వస్తుంటే, నీ పేరు కూడా చివర రాస్తానమ్మా అన్నాను. "మా అమ్మ పేరు రాసుకో. అది ముందే రాసుకున్నవ్ గద. నా పేరు మాత్రం నీ బుక్కుల పెట్టకు" అంది. కాబట్టి నాకు సాయం చేసినవాళ్ళలో ఆమె పేరు ఒక్కటే ఇక్కడ లేదు.